తనూష చేతిరాయి

మలేసియాలోని తెలుక్ ఇంటాన్‌కు సొంత రాయి అన్నది లేదు. ఊరంతా నది మోసుకొచ్చి పోసిన ఒండ్రు మీద కూర్చుని ఉంది. ఎంత లోతు తవ్వినా బంకమట్టి, దాని కింద మెత్తని నల్లబురద, అంతే. ఇంటి పునాదికి కంకర కావాలంటే కొండల వైపు నుంచి లారీలో రావలసిందే. అటువంటి ఊళ్ళో రాళ్ళు పోగుచేసే సంఘమా అని నవ్వినవాళ్ళు నవ్వారు. నవ్వులకు జంకే మనిషైతే పుష్పవల్లి టీచరు ఆ సంఘాన్ని పెట్టేది కాదు, ఇన్నేళ్ళు నడిపేదీ కాదు.

ఆమె కాన్వెంటులో చదివి, అదే పద్ధతిలో తరతరాల పిల్లలకు భూగోళం చెప్పి రిటైరైన మనిషి. చీర కుచ్చిళ్ళు చెదరవు, మాట తడబడదు. నెలకొక ఆదివారం కళ్ళజోళ్ళ దుకాణం కిశోర్‌కుమార్ వ్యాను మాట్లాడేవాడు. అతను సంఘానికి కార్యదర్శి. పళ్ళ డాక్టరు, రిటైరైన బస్సు డ్రైవరు, ఇద్దరు ముగ్గురు స్కూలు టీచర్లు, వాళ్ళ వాళ్ళ టోపీలు, సుత్తులు, ఆకులో కట్టిన నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లాలు వ్యానెక్కేవి. కంపార్ వైపో గోపెంగ్ వైపో, వదిలేసిన తగరపు గనుల గుంటల్లో తిరిగి, పలుగురాళ్ళూ తగరపు ఖనిజపు నల్లముక్కలూ ఏరుకుని, ఎండకు కమిలిన మొహాలతో సాయంత్రానికి ఇల్లు చేరేవారు. ఇంటికొచ్చాక పళ్ళ బ్రష్షుతో రాయి కడగడం మరొక పూజ.

ఆ సంఘానికి ఒక ఆచారం ఉంది. దాన్ని చేతిరాయి అంటారు. ఏడాదికొకసారి లైబ్రరీ మేడమీది హాల్లో పచ్చగుడ్డ పరిచిన బల్ల వేస్తారు. ఒక్కొక్క సభ్యుడూ తన రాయిని ఆ బల్ల మీద పెట్టి, "ఇది నా చేతితో తీసిన రాయి" అని అందరికీ వినబడేలా చెప్పి, తీసిన చోటు పేరు చెప్పాలి. కొన్న రాయి పనికిరాదు, ఒకరిచ్చిన రాయి పనికిరాదు, సొంత పేరాక్ రాష్ట్రం దాటి వెళ్ళి తీసిన రాయి అసలే పనికిరాదు. అడగదలచినవాళ్ళు ప్రశ్నలడుగుతారు. చివరికి పుష్పవల్లి టీచరు దాని మీద అరచెయ్యి ఉంచి "ఒప్పుకుంటున్నాము" అంటుంది. అన్నిటిలోకీ మేలైన రాయి కింది అంతస్తు గాజుబీరువాలో, తీసిన మనిషి పేరుతో, ఏడాది పొడుగునా ఉంటుంది. కప్పూ లేదు, కానుకా లేదు. అయినా ఆ బీరువాలో తన పేరు చూసుకోవాలని నెరిసిన తలలవాళ్ళు కూడా పసిపిల్లల్లా ఆశపడేవారు.

ఆ బీరువా ఇచ్చినవాడు నగల దుకాణం తినగరన్. చేతిరాయి రోజున ముందు వరుస కుర్చీ అతనిది. కిందటేడు సంఘంలో చేరిన తనూష అతని దుకాణంలోనే నగలు చూపించే పిల్ల. హుటాన్ మెలింటాంగ్ నుంచి రోజూ మోటారుసైకిలు మీద వచ్చి పోయేది. తల్లీతండ్రీ లేరు, నాయనమ్మ కూర్మమ్మ పెంపకం. సంఘంలో అందరికన్నా చిన్నది, అందరికన్నా తక్కువ మాట్లాడేది. ఇంగ్లీషు అంతంతమాత్రం, మలాయి బడిలో నేర్చినది, తెలుగు మాత్రం నాయనమ్మ నోటి తెలుగు.

ఆ ఆదివారం తనూష వంతు వచ్చింది. ఆమె సంచీలోంచి తువ్వాలు తీసింది, తువ్వాలులోంచి రాయి తీసింది. హాలు ఒక్కసారి ముందుకు వంగింది. పిడికిలికన్నా పెద్దది. బూడిదరంగు మీద గోధుమరంగు చారలు, ఆ చారల నిండా దానిమ్మగింజల్లా ఎర్రగా మెరిసే పలుకులు.

"ఇది నా చేత్తో తీసిన రాయి" అంది తనూష. "ఇక్కడే, పాత జెట్టి కాడ. ఆత్తంగరలో."

ఆ పిల్లకు గాభరా కలిగితే భాషలన్నీ కలిసిపోతాయి. నది ఒడ్డు అనడానికి అరవమాట వచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు.

పుష్పవల్లి టీచరు కళ్ళజోడు మార్చుకుంది. భూతద్దం పెట్టి చూసింది. ఉక్కు చాకు మొనతో ఎర్రపలుకును గీసింది. గీత పడలేదు. ఆమెకు తెలిసిపోయింది, అవి నగల్లో పొదిగే గార్నెట్ గింజలు. అది కొండ పొట్టలో భయంకరమైన వేడికి ఉడికిన రాయి. ఆమె ఇన్నేళ్ళలో ఈ జిల్లాలోగాని, చుట్టుపక్కల కొండల్లోగాని అటువంటిది చూడలేదు. ఇక నది ఒడ్డు బురదలో సంగతి చెప్పనే అక్కరలేదు.

"ఎక్కడ తీశావన్నావు?"

"జెట్టి కాడ టీచర్. నదిలో నీరు ఎనక్కి తీసినప్పుడు."

"నీరు తీస్తే బురద కనిపిస్తుంది. రాయి కనిపించదు. ఈ ఊళ్ళో రాయి లేదని మూడో తరగతి పిల్లకు కూడా నేను చెప్పాను."

ఈసారి నవ్వు బాహాటంగానే వచ్చింది. తనూష మొహం కందగడ్డ అయింది.

"ఉన్నాయి టీచర్, కుప్పగా ఉన్నాయి. రండి, సూపిస్తాను. ఇప్పుడే ఎల్దాం, దగ్గరే లా." ఆ ఊళ్ళో అందరి మాటల చివరా తగిలే "లా" ఆమెకూ తగిలింది.

"ఇంకా నలుగురి రాళ్ళు చూడవలసి ఉంది. సభను నదికి నడిపించలేను." టీచరు రాయిని బల్ల మీద పెట్టి, దాని నుంచి తన చెయ్యి వెనక్కి తీసుకుంది. తరవాత ఒక వాక్యం అంది. జీవితమంతా వాక్యాన్ని ఎలా కట్టాలో నేర్పిన మనిషి, ఎక్కడ ఆపాలో కూడా తెలిసిన మనిషి. "నువ్వు పనిచేసేది నగల దుకాణంలో కదమ్మా."

అంతే. ఆపైన ఆమె ఏమీ అనలేదు, అనవలసిన అవసరమూ కలగలేదు. హాల్లోని తలలన్నీ ముందు వరుసలోని తినగరన్ వైపు తిరిగాయి. తినగరన్ చెయ్యి అప్రయత్నంగా జేబులోని తాళాలగుత్తి మీదికి పోయింది.

తనూష రాయిని తువ్వాలులో చుట్టుకుంది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు కిందిదాకా వినిపించింది. ఆ సంఘం చరిత్రలో కాదన్న రాయి అదొక్కటే. నియమం నిలబెట్టానన్న తృప్తితో పుష్పవల్లి టీచరు ఆ పూట ఇంటికి వెళ్ళి సుఖంగా నిద్రపోయింది.

*

వారం తిరక్కుండానే కిశోర్‌కుమార్ ఆమె కళ్ళజోడు బిగించి ఇవ్వడానికి ఇంటికి వచ్చాడు. మాటల్లో సంగతి జారవిడిచాడు.

"ఆ తనూషని తినగరన్ అన్న పనిలోంచి తీసేసినాడు టీచర్. రాయి గురించి అబద్ధమాడే పిల్ల చేతికి బంగారం తట్ట ఎలా ఇస్తామన్నాడంట. కడైలో నగలన్నీ కొలతేసి చూసినాడంట, ఏదీ తక్కువ కాలేదు. అయినా భయం లా, ఆయనకి."

"ఆయన దుకాణం, ఆయన ఇష్టం" అంది టీచరు. తాను దొంగ అనలేదు. ఆ మాట ఆమె నోటి వెంట రాలేదు. ఆ సంగతి తనకు తానే మళ్ళీ మళ్ళీ చెప్పుకోవలసి రావడం ఆమెకు ఏమీ బాగాలేదు.

మర్నాడు గేటు దగ్గర కూర్మమ్మ నిలబడి ఉంది. ఇద్దరూ ఒక వయసువాళ్ళే, ఒకే రబ్బరు తోటలో పుట్టినవాళ్ళే. పుష్పవల్లి తండ్రి తోట ఆఫీసులో గుమాస్తా, అందుకని ఆమె కాన్వెంటుకు పోయింది. కూర్మమ్మ తండ్రి చెట్లకు గాట్లు పెట్టేవాడు, అందుకని ఆమె బాల్దీ పట్టుకుని తండ్రి వెంట పోయింది.

"రండి, కూర్చోండి" అంది టీచరు.

"కూకోడానికి రానేదు. ఏటి టీచరమ్మా, మా గుంట ఏటి సేసినాదని అలగనీసినావు?"

"నేను దొంగ అన్న మాట అనలేదు కూర్మమ్మగారూ."

"అననేదు. అనిపించినావు." కూర్మమ్మ గొంతు పెంచలేదు. "నువ్వు అనుంటే నాను నిన్ను తిట్టీసి ఎల్లిపోదును. నువ్వు అనకుండా పదిమంది సేతా అనిపించినావు, ఇప్పుడు ఎవల్ని తిట్టమంటావు? మార్కెట్టుకెల్తే సూపు, బస్సెక్కితే సూపు. నగల కాడ పనిసేసిన గుంటకి ఈ మాట పడ్డాక ఇంకెవలు పనిస్తారు, సెప్పు?"

"ఆ రాయి అక్కడ దొరకడం అసంభవం. అది నా చదువు చెప్పే సంగతి."

"నీ సదువు జెట్టి కాడికెల్లి సూసినాదేటి?"

కాన్వెంటులో సిస్టరు ఎంత కోపంలోనైనా ముందు పిల్ల చెప్పేది పూర్తిగా వినేది, తరవాత వెళ్ళి చూసేది, ఆపైనే శిక్ష వేసేది. టీచరు తన తరగతిలో ఆ నియమం ఏనాడూ తప్పలేదు. ఆ ఆదివారం హాల్లో ఎందుకు తప్పిందో ఇప్పుడు వెతుక్కుంటే దొరికిన కారణం తలెత్తుకునేలా లేదు. అదే మాట పళ్ళ డాక్టరు అని ఉంటే ఆమె గొడుగు తీసుకుని జెట్టికి బయలుదేరి ఉండేది. నాయనమ్మ నోటి తెలుగులో, అరవం కలిపి, తోటపిల్ల అన్నది కాబట్టి వినలేదు.

"రేపు పొద్దుట నీరు బాగా తీస్తాది" అంది కూర్మమ్మ వెనక్కి తిరుగుతూ. "రమ్మని బతిమాలను. సూడాలనుంటే సూడు."

*

టీచరు వెళ్ళింది. ఎవరైనా చూస్తారేమోనని రిక్షా కూడా పిలవకుండా, గొడుగు అడ్డం పెట్టుకుని, పాత జెట్టి వైపు సందులోంచి నడిచి వెళ్ళింది. న్యాయం కోసం వెళుతున్న మనిషి దొంగలా ఎందుకు వెళ్ళాలి అని తన్ను తాను ప్రశ్నించుకుంటూనే గొడుగును మరికొంచెం కిందికి వంచింది.

నది వెనక్కి జరిగి ఉంది. పడిపోయిన జెట్టి మొదళ్ళు పాత పళ్ళలా బురదలోంచి నిలబడ్డాయి. వాటి వెనక, మామూలు రోజుల్లో నీటి కింద ఉండేచోట, కుప్ప ఉంది. అది దిబ్బలాగ, ఎవరో తట్టతో తెచ్చి గుమ్మరించినట్టుగా ఉంది. ఆమె చెప్పులు విడిచి దిగింది. బురద పిక్కల దాకా వచ్చింది. ఒక రాయి మీది నత్తగుల్లలను గొడుగు కొసతో గీకింది. నల్లరాయి. పక్కది పాలరంగు చెకుముకి. దాని పక్కది ఇసుకరాయి. దాని పక్కన బూడిదరంగు మీద గోధుమచారలు, చారల నిండా ఎర్రపలుకులు.

ఒకదానికొకటి పుట్టుకలో ఏ సంబంధమూ లేని రాళ్ళు అన్నీ ఒక్కచోట. ఏ కొండా అలా కనదు, ఏ నదీ అలా కూర్చదు. మనుషులే కూర్చాలి. ఒకప్పుడు ఈ ఊరు రేవు. దూరదేశాల ఓడలు ఇక్కడికి తగరం కోసం, రబ్బరు కోసం వచ్చేవని ఆమె తానే పిల్లలకు పాఠం చెప్పింది. ఖాళీగా బయలుదేరిన ఓడ పక్కకు ఒరిగిపోకుండా అడుగున రాళ్ళు నింపుకుంటుంది, రేవు చేరాక వాటిని ఒడ్డున పారబోసి సరుకు ఎక్కించుకుంటుంది. ఆ పాఠమూ తానే చెప్పింది. ఊళ్ళో ఏ రాయి ఉన్నా ఎవరో తెచ్చినదే అని జీవితమంతా చెప్పిన మనిషికి, తెచ్చినవాళ్ళు ఓడవాళ్ళు కావచ్చన్న ఆలోచన రాలేదు. నగల దుకాణం మాత్రం వెంటనే తట్టింది.

ఆమె అక్కడే, పిక్కల లోతు బురదలో, చాలాసేపు నిలబడిపోయింది. తల కొట్టేసినట్టయింది. నీరు తిరిగి వస్తున్న చప్పుడు విని గాని కదలలేదు.

ఆ క్షణాన ఆమె తిన్నగా హుటాన్ మెలింటాంగ్ బస్సెక్కి ఉంటే ఈ కథలో సగం సిగ్గు తప్పేది. ఎక్కలేదు. కాళ్ళ బురదైనా పూర్తిగా కడుక్కోకుండా కిశోర్‌కుమార్‌కు ఫోను చేసింది. పాత జెట్టి దగ్గర ఓడలవాళ్ళు పారబోసిన రాళ్ళ కుప్ప ఉందని చెప్పింది.

"నిజమా టీచర్! ఎవరు చూసినారు?"

"నేనే చూశాను" అంది ఆమె.

అబద్ధం కాదు. కళ్ళారా ఆమే చూసింది. ఆ పిల్ల పేరు ఆ తరవాతి వాక్యంలో చెబుదామనుకుంది. కాని కిశోర్‌కుమార్ ఉత్సాహానికి తరవాతి వాక్యం అంటూ లేకపోయింది.

"ఇది పెద్ద సంగతి లా టీచర్! పేపరువాళ్ళని పిలుస్తాను. వచ్చే ఆదివారం లైబ్రరీలో స్పెషల్‌గా పెడదాం. 'పుష్పవల్లి టీచర్ కనుగొన్న ఓడరాళ్ళు'! ఇన్నేళ్ళ మీ కష్టానికి ఫలితం లా ఇది. మన తాతలెక్కొచ్చిన ఓడల్లోనే ఈ రాళ్ళూ వచ్చినాయేమో, ఎవరికి తెలుసు? దాని మీద మీరో స్పీచిచ్చినారంటే హాల్లో అందరికీ ఏడుపొచ్చీసాది."

"మరి ఆ తనూష..."

"ఆ గుంట సంగతి మెల్లగా సర్దుదాం. ఒక సర్టిఫికెట్టు ఇద్దాం, 'ప్రోత్సాహక బహుమతి' అని. తినగరన్ అన్నకి కూడా మొహం పోకుండా ఉంటాది. అందరికీ మంచిది లా."

ఆమె వద్దనలేదు. వద్దనకపోవడం ఎంత సులువో ఆ వయసులో తెలుసుకుంది. ఆ సాయంత్రం బల్ల ముందు కూర్చుని ఉపన్యాసం రాసింది. సముద్రం మీద తెలియని దేశానికి వచ్చిన మూగరాళ్ళనూ, అలాగే వచ్చిన మూగమనుషులనూ పక్కపక్కన పెట్టి, పేరాకు పేరా అల్లింది. బాగా వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే గది మధ్య నిలబడి పైకి చదువుకుంది. ఆ మూగమనుషుల మనవరాలు ఒకతె బల్ల ముందు నిలబడి రండి సూపిస్తాను అని నోరు తెరిచి చెప్పింది కదా, ఆమెను మూగదాన్ని చేసింది ఎవరు అన్న ప్రశ్న చదువుతుండగానే వచ్చి చదువును ఆపేసింది. ఆమె ఆ కాగితాలను చింపలేదు. చింపితే తానేదో గొప్ప పని చేసినట్టు ఉంటుంది. మడిచి సొరుగులో పెట్టి, పక్కనే ఉన్న మంచినీళ్ళు కూడా తాగబుద్ధి గాక కూర్చుంది.

*

హుటాన్ మెలింటాంగ్‌లో రొయ్యలు ఏరే షెడ్డు నది వారనే ఉంటుంది. సిమెంటు నేల మీద ఐసు నీళ్ళు పారుతున్నాయి. వరుసగా కూర్చున్న ఆడవాళ్ళు పెద్దవి ఒక బుట్టలోకి, చిన్నవి ఒక బుట్టలోకి ఏరుతున్నారు. నగల పని పోయాక అక్కడ కూలికి చేరిన తనూష చివర ఉంది. రబ్బరు తొడుగుల చేతులు ఆపకుండానే తలెత్తి చూసింది.

"కూకోడానికి ఇక్కడేటీ నేదు టీచర్."

"నిలబడతాను." టీచరు చీర అంచు తడుస్తోంది. "తనూషా, నీకు అన్యాయం చేశాను. ఆ కుప్ప చూశాను. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

పక్కనున్న ఆడవాళ్ళ చేతులు నెమ్మదించాయి. తనూష ఒక రొయ్యను వెలుతురుకు పట్టి చూసి పెద్దబుట్టలో వేసింది.

"ఇక్కడ నన్నెవలూ దొంగనలేదు టీచర్."

ఆ మాట అర్థం కావడానికి టీచరుకు కొంచెం సమయం పట్టింది. మాట పడ్డచోటు ఇది కాదు. వచ్చి పోయేవాళ్ళు ఎవరూ లేని చోట, రొయ్యల వాసన మధ్య క్షమాపణ చెప్పేస్తే ఖర్చేముంది?

"మీరు జెట్టికి ఎల్లినారని పడవోళ్ళు ఆ రోజే సెప్పినారు" అంది తనూష. "గొడుగేసుకున్నా మిమ్మల్నెవలు పోల్చరు? సరే, టీచర్ సూసినారు, ఇంక సెప్తారు అనుకున్నాను. నిన్న కిశోరన్న సంఘం ఫోను గ్రూపులో బొమ్మెట్టినాడు. నన్ను గ్రూపులోంచి తియ్యడం మర్సిపోయినాడనుకుంటాను. 'పుష్పవల్లి టీచర్ కనుగొన్న' అని ఇంతింత అచ్చరాలు."

"ఆ మాట నేను కాదనలేదు. అది నా రెండో తప్పు."

తనూష మొదటిసారి చేతులు ఆపింది. "రెండోదే పెద్దది టీచర్. మొదట మీకు తెలవదు. రెండోసారి తెలుసు."

పుష్పవల్లి టీచరు జీవితంలో ఎంతోమంది పిల్లల తప్పులు దిద్దింది. తన తప్పును ఇంత సూటిగా దిద్దినవాళ్ళు లేరు. పక్కనున్న ఒక ముసలామె "వయసు సూసి మాటాడే గుంటా" అని గొణిగింది. టీచరు తల అడ్డంగా ఊపి ఆమెను వారించింది.

"నీ రాయి ఏది? ఆదివారం అది బీరువాలో ఉండాలి."

"ఎక్కడిదో అక్కడే ఇసిరేసినాను. ఇంట్లో ఎట్టుకుంటే నాయనమ్మ దాన్ని సూసినప్పుడల్లా ఏడుస్తున్నాది."

"ఆదివారం హాలుకు వస్తావా? అందరిముందూ చెబుతాను."

"సెప్పాలనుంటే నాను రాకపోయినా సెప్తారు గదా" అంది తనూష, మళ్ళీ రొయ్యల మీదికి వంగుతూ.

*

ఆదివారం హాలు నిండింది. పేపరు మనిషి కెమేరాతో వచ్చాడు. తినగరన్ ముందు వరుసలో, పట్టుచొక్కాలో. జెట్టి దగ్గర నుంచి కిశోర్‌కుమార్ ఏరించుకొచ్చిన రాళ్ళు పచ్చగుడ్డ మీద వరుసగా, మధ్యలో ఒక అట్ట మీద టీచరు పేరు బంగారురంగు అక్షరాల్లో. సభ మొదలయ్యేముందు వెనక తలుపు దగ్గరకు తనూష వచ్చి నిలబడింది. పక్కన కూర్మమ్మ. ఎవరూ వాళ్ళకు కుర్చీ వెయ్యలేదు. ఎవరూ పొమ్మననూ లేదు.

టీచరు బల్ల ముందుకు వచ్చింది. కాగితం లేదు.

"ఈ బల్ల దగ్గర, మీ అందరి ఎదుట, తనూష ఒక రాయి పెట్టింది. పాత జెట్టి దగ్గర తీశానంది. అది నిజం. వచ్చి చూడమంది. నేను వెళ్ళలేదు. ఆమె పనిచేసే దుకాణం పేరెత్తి, ఆమె ఆ రాయిని కాజేసిందని మీ అందరికీ తోచేలా చేశాను. నేను నోటితో అనకపోయినా అనిపించాను, అది అనడంకన్నా నీచం. తరవాత చూశాను. చూశాక కూడా ఈ అట్ట మీద నా పేరు ఉండనిచ్చాను. ఈ రాళ్ళను కనుగొన్నది తనూష. నేను కాదు."

ఆమె ఆ అట్టను తీసి బల్ల కింద పెట్టింది.

పళ్ళ డాక్టరు మొదట చప్పట్లు కొట్టాడు. పక్కవాళ్ళు అందుకున్నారు. హాలంతా మోగిపోయింది. "ఎంత పెద్దమనసు టీచర్!" అని ఎవరో అన్నారు. "ఈ రోజుల్లో ఎవరు చెప్తారిలా!" అని మరెవరో కళ్ళు తుడుచుకున్నారు. కెమేరా ఆమె మొహం మీదే వెలిగింది. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళ వైపు ఒక్క తలా తిరగలేదు.

పుష్పవల్లి టీచరు ఆ చప్పట్ల మధ్య నిలబడి, తన సిగ్గు ఇంకా అడుగు తాకలేదని తెలుసుకుంది. చేసిన అన్యాయం కూడా ఆమెకే దండ అయి మెడలో పడుతోంది.

"ఆపండి!" అంది. తరగతి గది గొంతు అది. హాలు టక్కున ఆగింది. "మీరు చప్పట్లు కొడుతున్నది ఎవరికి? మాట పడ్డ మనిషి అక్కడ నిలబడి ఉంది. ఆ రోజు నాతోపాటు నవ్వినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. తినగరన్‌గారూ, మీరు నా మాట పట్టుకుని ఆ పిల్లను పనిలోంచి తీసేశారు. మాట నాది తప్పు. ఇప్పుడు మీరేమంటారు?"

తినగరన్ లేచాడు. చెమట తుడుచుకున్నాడు. "నాకేం కోపం లేదు లా టీచర్. సోమవారం నుంచి వచ్చేయమనండి తంగచ్చిని, నాకు చెల్లెలి లాంటిది. పాత పనే, పాత చోటే."

అందరూ హమ్మయ్య అన్నట్టు తలుపు వైపు తిరిగారు. తనూష అక్కడి నుంచి కదల్లేదు.

"నాకా పని వద్దన్నా" అంది. గొంతు సన్నగానే ఉంది, తడబడలేదు. "సోమారం నాను తట్ట తెచ్చిన ప్రతిసారీ మీరు లెక్కెట్టుకుంటారు. నాకు తెలుసు, మీకూ తెలుసు. మీ కడైలో ఏదీ పోలేదని, నాను ఏదీ తియ్యలేదని, అది సెప్పండి సాలు. ఆ రోజు కొలతేసుకున్నారు గదా."

తినగరన్ ఆ రోజే కొలిచాడు, ఆ రోజే తెలుసుకున్నాడు, అయినా ఊరికి చెప్పలేదు. హాల్లో అందరికీ ఆ సంగతి ఒక్కసారే వెలిగింది.

"ఏదీ పోలేదు" అన్నాడు చివరికి, పట్టుచొక్కా గుండీ చూసుకుంటూ. "తంగచ్చి ఏదీ తియ్యలేదు."

"వినపడలేదు" అంది కూర్మమ్మ.

అతను మళ్ళీ చెప్పాడు, ఈసారి వెనక వరుసకు వినబడేలా.

కిశోర్‌కుమార్ సర్దుబాటుకు దిగాడు. ఎర్రపలుకుల రాయి ఒకటి బల్ల మీద నుంచి తీసి, "ఇదిగో తనూషా, నీ పేరు మీద దీన్నే బీరువాలో పెట్టేద్దాం, ఒకటే జాతి లా" అన్నాడు.

"అది నాను తీసిన్ది కాదన్నా. చేతిరాయి అంటే చేత్తో తీసిందే గదా?"

సంఘం నియమాన్ని సంఘానికి గుర్తుచేసి ఆ పిల్ల మెట్లు దిగింది. టీచరు ఆమె వెనకే దిగింది. ఎందుకు దిగుతోందో ఆమెకే తెలియదు. కింద, ఎండలో, తనూష మోటారుసైకిలు స్టాండు తీస్తోంది. ఆ పిల్ల కళ్ళలో కోపం కూడా లేదు. కోపముంటే టీచరు దాని ముందు తల వంచుకునేది.

కూర్మమ్మ మనవరాలి భుజం పట్టుకుని వెనక సీటు ఎక్కింది. చీర సర్దుకుంది. ఎండకు కళ్ళు చికిలించుకుని నిలబడ్డ టీచరును పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"ఏటలా మాడిపోతున్నావు టీచరమ్మా" అంది. "ఎండ ఎక్కువున్నాది. లోనికెల్లు."

బండి మార్కెట్టు మలుపు తిరిగి పోయింది. మేడ మీద ఎవరో మళ్ళీ కుర్చీలు జరుపుతున్న చప్పుడు. పుష్పవల్లి టీచరు లోపలికి వెళ్ళలేదు.